ఉప్పు పైకెలా లేచింది?

1901 జనవరి 10న టెక్సాస్‌లోని బోమాంట్ ఊరి పక్కన, స్పిండిల్‌టాప్ దిబ్బ మీద తవ్వుతున్న బావిలోంచి చమురు ఆకాశానికి ఎగజిమ్మింది. దాన్ని అదుపు చెయ్యడానికి తొమ్మిది రోజులు పట్టింది. అక్కడ చమురు లేదని నిపుణులు కొట్టిపారేసినా పట్టు విడవనివాడు ఆంథొనీ లూకస్. లూసియానా ఉప్పు గనుల్లో పనిచేసిన మనిషి కాబట్టి, ఉబ్బిన నేల కింద ఉప్పూ, దాని చెంత చమురూ ఉంటాయని నమ్మాడు.

నమ్మకం ఫలించింది గాని అసలు చిక్కు అప్పుడే మొదలైంది. జురాసిక్ కాలంలో సముద్రపు నీరు ఇగిరి పేరిన ఆ ఉప్పు కిలోమీటర్ల లోతున ఉండాలి. పై పొరలను దాటుకుని నిలువు స్తంభమై ఎలా లేచింది? అగ్నిపర్వతాల పనన్నారు కొందరు. స్ఫటికాలు పెరుగుతూ తోసుకొచ్చాయన్నారు మరికొందరు. ఏ వాదమూ నిలవలేదు.

1934లో నెటిల్‌టన్ అనే భూభౌతిక శాస్త్రవేత్త కింద ముడి చమురు, పైన దానికంటే బరువైన మొక్కజొన్న పాకం ఉండేలా పరీక్ష చేశాడు. చమురు బుడిపెలుగా ఉబ్బి, స్తంభాలై పైకొచ్చింది! ఎంత లోతున ఉన్నా ఉప్పు సాంద్రత పెద్దగా మారదు. మట్టి, ఇసుక పొరలు మాత్రం బరువు పడేకొద్దీ అణిగి ఉప్పును మించిపోతాయి. లక్షల ఏళ్ళ వ్యవధిలో ఉప్పు ద్రవంలా పారుతుంది కనుక, నీళ్ళలో ముంచి వదిలిన బెండులా లేస్తుందన్నమాట. ఆ అందమైన ప్రయోగాన్ని ఎన్నో దశాబ్దాలు అందరూ నమ్మారు.

అయినా ఒక సందేహం మిగిలింది. పాకం పారుతుంది, రాయి విరుగుతుంది. అంత గట్టి పొరను ఉప్పు తనంతట తాను చీల్చగలదా? ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో బ్రూనో వాండ్‌విల్, మార్టిన్ జాక్సన్ రాళ్ళకు బదులు పొడి ఇసుక, ఉప్పుకు బదులు సిలికోన్ తీసుకుని పక్కలకు లాగారు. ఇసుక పగిలి పలచబడ్డ చోట సిలికోన్ లేచింది. ఇంకా లాగితే అడుగున సరుకు చాలక, లేచిన స్తంభమే కుంగింది. 1992లో ఈ రెండు సంగతులనూ జంట వ్యాసాలుగా ప్రకటించారు. నాకు రెండోదే గొప్పగా తోస్తుంది. ఉప్పు దిగబడిన చోట పల్లం పడుతుందనీ, అందులో కొత్త మట్టి పేరుతుందనీ అది చూపింది.

అప్పటినుంచి పరిశోధకుల చూపు ఉప్పు కింది పునాది రాళ్ళ మీదికీ మళ్ళింది. ఉత్తర జర్మనీలో పొడవాటి గోడల్లా లేచిన ఉప్పు రాశులు చాలావరకు పునాదిలోని పగుళ్ళ దిశలోనే బారులు తీరి ఉన్నాయి. అడుగున రాయి జారితే ఆ కదలికను మధ్యనున్న ఉప్పు మింగేస్తుంది, పైన పగులు వేరే చోట తేలుతుంది. అందుకే నేడు ఒక అవక్షేప బేసిన్ (మట్టి, ఇసుక పొరలు పేరుకున్న పల్లం) చరిత్ర రాసేవారు పొరలను ఒక్కొక్కటిగా వెనక్కి తీస్తూ, ఏ కాలంలో ఎంత ఉప్పు ఎటు వెళ్ళిపోయిందో లెక్క కడుతున్నారు.