ఇంజను నూనె స్నిగ్ధత

ఇంజను నూనె స్నిగ్ధత అనగా మోటారు వాహనాల ఇంజనులో కందెనగా వాడే నూనె తన ప్రవాహానికి తానే చూపే నిరోధం. నూనె మరీ పలుచనైతే లోహభాగాల మధ్య ఉండవలసిన పొర తెగి అవి అరిగిపోతాయి. మరీ చిక్కనైతే ఇంజను ప్రారంభంలో పైభాగాలకు సకాలంలో చేరదు, ఇంధనం కూడా ఎక్కువ ఖర్చవుతుంది. ఎండ, దుమ్ము అధికంగా ఉండే అనంతపురం పీఠభూమి వంటి ప్రాంతాలలో ఇంజను మన్నిక ఈ లక్షణంపైనా, నూనె శుభ్రతపైనా ఆధారపడి ఉంటుంది.

కొలత
నూనె తన బరువుతో ప్రవహించేటప్పటి స్నిగ్ధతను సెంటీస్టోక్సులలో తెలుపుతారు. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నీటి స్నిగ్ధత సుమారు 1 సెంటీస్టోక్. వేడి పెరిగేకొద్దీ ప్రతి నూనె పలుచబడుతుంది. ఎంత తక్కువగా పలుచబడితే దాని స్నిగ్ధతా సూచిక అంత ఎక్కువ. ఈ సూచికను డీన్, డేవిస్ 1929లో ప్రతిపాదించారు.

శ్రేణులు
అమెరికాకు చెందిన ఎస్.ఏ.ఇ. సంస్థ శ్రేణులు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. "15డబ్ల్యు-40"లో మొదటి భాగం చలిలో నూనె ప్రవర్తనను, రెండవది వేడిలో స్నిగ్ధతను సూచిస్తాయి. 40 శ్రేణి నూనె స్నిగ్ధత 100 డిగ్రీల వద్ద 12.5 నుండి 16.3 సెంటీస్టోక్సుల లోపు ఉండాలి.

కృత్రిమ నూనెలు
ముడిచమురు నుండి తీసిన ఖనిజ నూనెలో వివిధ పరిమాణాల అణువులు, కొంత మైనం ఉంటాయి. పాలీఆల్ఫాఓలెఫిన్లు, ఎస్టర్లు వంటి కృత్రిమ నూనెలను రసాయనిక చర్యలతో తయారు చేస్తారు. వీటి అణువులు దాదాపు ఏకరీతిగా ఉండటం వలన స్నిగ్ధతా సూచిక ఎక్కువ, వేడికి ఆక్సీకరణం తక్కువ. ఆముదం కూడా సహజసిద్ధమైన ఎస్టరే. 40 డిగ్రీల వద్ద దాని స్నిగ్ధత సుమారు 250 సెంటీస్టోక్సులు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానాల ఇంజనులలో ఆముదాన్ని వాడారు. అయితే అది వేడికి జిగురుగా మారుతుంది.

ప్రయోగశాల పరీక్షలు
* స్నిగ్ధత: స్థిరమైన ఉష్ణోగ్రత గల తొట్టెలో ఉంచిన సన్నని గాజు గొట్టం గుండా నూనె దిగే సమయాన్ని 40, 100 డిగ్రీల వద్ద కొలుస్తారు.
* జ్వలన ఉష్ణోగ్రత: ఇది తగ్గితే నూనెలో ఇంధనం కలిసినట్లు అనుమానిస్తారు.
* క్షార సంఖ్య: ఆమ్లాలను తటస్థం చేయడానికి మిగిలివున్న శక్తిని తెలుపుతుంది.
* లోహాల విశ్లేషణ: ఇనుము, రాగి, సీసం భాగాల అరుగుదలను చూపుతాయి, సిలికాన్ సాధారణంగా దుమ్మును సూచిస్తుంది.
* నీటి పరీక్ష: ప్రాథమికంగా నూనె చుక్కను వేడి పలకపై వేస్తారు. నీరుంటే చిటపటలాడుతుంది.

నమూనాను ఇంజను వేడిగా ఉన్నప్పుడు, పొడిగా ఉన్న శుభ్రమైన సీసాలో పట్టాలి. కారే నూనెలో మొదటి భాగాన్ని వదలి మధ్యభాగాన్ని తీసుకోవాలి.

ఫలితాల అర్థం
100 డిగ్రీల వద్ద 14.5 సెంటీస్టోక్సులున్న కొత్త నూనె వాడకం తర్వాత 11.8కి పడిపోయిందనుకుంటే, అది 40 శ్రేణి నుండి 30 శ్రేణికి దిగినట్లే. ఇంధనం కలవడం గానీ, స్నిగ్ధతను పెంచే పాలిమర్లు తెగిపోవడం గానీ ఇందుకు కారణం కావచ్చు. జ్వలన ఉష్ణోగ్రత కూడా తగ్గితే మొదటి కారణమే బలమైనది. స్నిగ్ధత పెరిగితే ఆక్సీకరణాన్ని లేదా మసిని అనుమానిస్తారు. కొన్ని నూనెలలో సిలికాన్ మొదటి నుండే కొద్దిగా ఉంటుంది కనుక కొత్త నూనె ఫలితంతో పోల్చి చూడాలి.

అనంతపురం ప్రాంతంలో
వర్షచ్ఛాయా ప్రాంతమైన ఇక్కడ వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. గడ్డకట్టే చలి లేనందున శ్రేణిలోని మొదటి సంఖ్య కంటే రెండవదే ముఖ్యం. వేరుశనగ నూర్పిళ్ళలో పనిచేసే ట్రాక్టర్లకు అసలు శత్రువు ధూళి. గాలి వడపోత సరిగా లేకపోతే ఇసుకరేణువులు సిలిండరు గోడలను గీరివేస్తాయి. చిక్కని నూనె గానీ, ఖరీదైన కృత్రిమ నూనె గానీ ఈ నష్టాన్ని ఆపలేవు. నూనెలో సిలికాన్, ఇనుము కలిసి పెరిగితే నూనె మార్చడంతో పాటు వడపోతను, గాలి గొట్టాల అతుకులను కూడా సరిచూడాలి.

అనంతపురంలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిధిలో నూనెల సాంకేతిక, ఔషధ పరిశోధన సంస్థ ఉంది.

ఇవి కూడా చూడండి
* కందెన
* ఆముదం
* అనంతపురం జిల్లా