తెల్ల ముక్కు వ్యాధి: గబ్బిలాల నిద్ర చెదరకుండా నిఘా

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఆల్బనీ నగరానికి సమీపాన ఉన్న హోవ్స్ గుహలో 2006 ఫిబ్రవరిలో తీసిన ఫొటోలలో, నిద్రిస్తున్న గబ్బిలాల ముక్కులపై తెల్లటి బూజు కనిపించింది. వైట్ నోస్ సిండ్రోమ్‌గా పేరుపడిన వ్యాధికి లభించిన తొలి ఆధారం అదే. ఆ తరువాత పదేళ్లలోపే చిన్న గోధుమరంగు గబ్బిలంతో సహా మూడు జాతుల సంఖ్య, వ్యాధి సోకిన ప్రాంతాలలో 90 శాతానికి పైగా తగ్గిపోయింది. ఆడ గబ్బిలం సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది కనుక ఈ నష్టం త్వరగా పూడేది కాదు.

వ్యాధికారకం సూడోజిమ్నోయాస్కస్ డిస్ట్రక్టన్స్ అనే శిలీంధ్రం. ఇది చల్లదనంలోనే పెరుగుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దాటితే నిలవరిస్తుంది. శీతనిద్రలో గబ్బిలం ఒళ్లు గుహ అంత చల్లబడుతుంది, రోగనిరోధక శక్తి మందగిస్తుంది. అదే అదనుగా శిలీంధ్రం రెక్కల చర్మంలోకి చొచ్చుకుపోతుంది. గబ్బిలం పదేపదే మేల్కొంటుంది. మేల్కొన్న ప్రతిసారీ శరీరాన్ని వేడెక్కించుకోవడానికి, శీతాకాలం కోసం దాచుకున్న కొవ్వు కరిగిపోతుంది. బయట పురుగులు దొరకని కాలమది. చాలావరకు వసంతం రాకముందే మరణిస్తాయి.

పర్యవేక్షణలోని అసలు చిక్కు ఇక్కడే ఉంది. లెక్కించడానికి గుహలోకి వెళ్లిన మనుషుల అలికిడి కూడా వాటిని మేల్కొల్పుతుంది. అందుచేత పరిశోధకులు శీతాకాలపు సందర్శనలను పరిమితం చేసుకుంటారు. వెళ్లినప్పుడు ముక్కుపైన, రెక్కపైన స్వాబ్ తిప్పి నమూనా తీసుకుంటారు. బూజు కంటికి కనిపించకముందే పీసీఆర్ పరీక్షలో శిలీంధ్రపు డీఎన్ఏ బయటపడవచ్చు. అతినీలలోహిత కాంతి పడితే వ్యాధి సోకిన రెక్కపై నారింజ, పసుపు ఛాయల చుక్కలు మెరుస్తాయి. ఒకప్పటిలా ప్రతిసారీ గబ్బిలాన్ని చంపి పరీక్షించనక్కరలేదు. గబ్బిలాల రెట్టను, గుహలోని మట్టిని కూడా పరీక్షిస్తారు. వేసవి రాత్రుల్లో వాటి అతిధ్వనులను నమోదు చేసే పరికరాలు ఏ జాతులు మిగిలాయో తెలుపుతాయి గాని, వ్యాధి ఉన్నదీ లేనిదీ చెప్పలేవు.

ఇంత నిఘాలోనూ ఖాళీలు మిగిలాయి. 2016 మార్చిలో వాషింగ్టన్ రాష్ట్రంలో వ్యాధిగ్రస్తమైన గబ్బిలం మొదట కనిపించింది శాస్త్రవేత్తలకు కాదు, కాలినడకన విహారానికి వెళ్లినవారికి. అప్పటికి శిలీంధ్రం ఉన్నట్లు తెలిసిన ప్రాంతం అక్కడికి సుమారు 2,000 కిలోమీటర్ల దూరంలో ఉంది.

యూరప్‌లోనూ, చైనాలోనూ ఇదే శిలీంధ్రం ఉన్నా గబ్బిలాలు అలా సామూహికంగా మరణించడం లేదు. అది యూరప్ నుంచే అమెరికాకు చేరిందని జన్యు ఆధారాలు సూచిస్తున్నాయి. మోసుకువెళ్లింది మనుషులే కావచ్చునని శాస్త్రవేత్తల అభిప్రాయం. బూట్లకు, దుస్తులకు అంటుకొని శిలీంధ్ర బీజాలు ప్రయాణించగలవు. గుహలలో వాడిన సామగ్రిని 55 డిగ్రీల వేడినీటిలో ముంచి ఉంచాలని అమెరికా మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి. అక్కడి తెలుగు కుటుంబాలు కూడా సందర్శించే కెంటకీలోని మమ్మత్ గుహ జాతీయ ఉద్యానంలో 2013లో ఈ వ్యాధి నిర్ధారణ అయింది. గుహ చూసి బయటకు వచ్చేవారు శుద్ధిద్రావణంలో తడిపిన పట్టాలపై నడిచి రావలసి ఉంటుంది.