రెండు పెట్టెల మధ్య మనిషి

రైలు పెట్టెను పెట్టెకు తగిలించే కొక్కేన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చినవాడు ఇంజనీరు కాదు. ఈలై జానీ అనే ఒక గుమాస్తా. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం అలెగ్జాండ్రియా ఊళ్లో బట్టల కొట్టులో లెక్కలు, సరుకు చూసుకునేవాడు. అంతకుముందు అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో పనిచేశాడు. తీరిక వేళల్లో చాకుతో కొయ్యముక్కలు చెక్కి నమూనాలు చేసేవాడట. 1873 ఏప్రిల్ 29న అతనికి పేటెంటు వచ్చింది. నేనూ ఆఫీసు గుమాస్తానే కాబట్టి ఈ సంగతి చదివినప్పుడు కాస్త గర్వపడ్డానని చెప్పక తప్పదు.

అయితే ఈ కథలో ముఖ్యమైనది జానీ తెలివి కాదు. ఆ కొక్కేం దొరికాక కూడా అది మనిషి చేతిని కాపాడటానికి ఇరవై ఏడేళ్లు ఎందుకు పట్టిందన్నదే అసలు సంగతి. ఇక్కడ గల్ఫ్‌లో ట్రేలర్ల మీద డ్రైవర్లుగా, యార్డుల్లో హెల్పర్లుగా ఉన్న మనవాళ్లు ఇది తెలుసుకోవాలని రాస్తున్నాను.

జానీకి ముందు ఉన్న పద్ధతి మన ఊళ్లో ట్రాక్టరుకు ట్రాలీ తగిలించినట్టే ఉండేది. ట్రాక్టరు వెనక చిల్లు ఉన్న ఇనప పట్టీ ఉంటుంది. ట్రాలీ కాడిని ఎత్తి, చిల్లుకు చిల్లు కలిపి, పైనుంచి పిన్ను దించుతాం. ఆ పిన్ను ఊడకుండా క్లిప్పు పెట్టాలి. క్లిప్పు పోతే తీగముక్కో, మేకో దూర్చి పెళ్లివాళ్లను ఎక్కించుకుపోయే ధైర్యవంతులు మన దగ్గర ఉన్నారు. అమెరికా రైళ్లలోనూ ఇంతే. ఒక్కో పెట్టె చివర ఇనప గూడు ఉండేది. ఒక పెట్టె గూట్లో కోలగా ఉన్న పెద్ద లంకెను పిన్నుతో బిగించి ఉంచేవారు. రెండో పెట్టెను ఇంజను నెమ్మదిగా నెట్టుకొస్తుంటే, బ్రేక్‌మన్ అనే పనివాడు రెండింటి మధ్యా నిలబడి లంకె కొసను చేత్తో ఎత్తిపట్టి అవతలి గూట్లోకి పోనివ్వాలి. పోగానే చెయ్యి లాక్కుని పిన్ను వెయ్యాలి. ట్రాక్టరైతే ఆగి ఉంటుంది, డ్రైవరు మన కళ్లముందు ఉంటాడు. అక్కడ వెనక వస్తున్నది టన్నుల బరువు. పట్టాల మీద మంచు, రాత్రిపూట చేతిలో లాంతరు, ఇంజను డ్రైవరేమో ఎక్కడో దూరంగా ఉండేవాడు. అరక్షణం ఆలస్యమైతే వేళ్లు పోయేవి. కాలు జారితే మనిషే పోయేవాడు. కొత్తగా పనికి వచ్చినవాడి చేతుల్లో ఒకటో రెండో వేళ్లు లేకపోతే అనుభవం ఉన్నవాడని యార్డు మేస్త్రీలు గుర్తుపట్టేవారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

మరి కోర్టులు ఏమనేవి? 1842లో మసాచుసెట్స్ కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఫార్వెల్ అనే ఇంజను డ్రైవరు, ఇంకో ఉద్యోగి పట్టాల మార్పు సరిగా చెయ్యకపోవడంవల్ల 1837లో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. అతనికి రోజుకు 2 డాలర్ల జీతం. ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ షా చెప్పింది టూకీగా ఇదీ: అపాయం ఉన్న పని అని తెలిసే చేరావు, ఆ అపాయానికి ఖరీదు నీ జీతంలోనే ఉంది, తోటి పనివాడి తప్పుకు కంపెనీ బాధ్యత లేదు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు అమెరికా కోర్టులు ఈ దారిలోనే నడిచాయి. తెలిసి చేశాడు గనుక వాడిదే బాధ్యత అన్న మాట మనకు కొత్తదేం కాదు. యార్డులో ఏ చిన్న ప్రమాదం జరిగినా ఫారంలో "కారణం" అన్న గడి ఉంటుంది. అందులో ఎక్కువసార్లు పడేది "డ్రైవర్ నిర్లక్ష్యం" అన్న రెండు ముక్కలే. కొక్కేం అరిగిందా, యార్డులో దీపం ఉందా, ఎన్ని గంటల డ్యూటీ తర్వాత జరిగింది అన్నవాటికి గడులు ఉండవు.

జానీ కప్లర్ పనిచేసే తీరు చాలా సులువు. మీ రెండు చేతుల వేళ్లూ వంచి కొక్కేల్లా ఒకదానితో ఒకటి తగిలించి లాగి చూడండి, అదే. పెట్టెలు తాకగానే ఇనప పిడికిళ్లు రెండూ వాటంతటవే మూసుకుని, పైనుంచి గడియ పడుతుంది. విడదీయాలంటే పెట్టె పక్కన నిలబడి ఒక కడ్డీ ఎత్తితే చాలు. మధ్యలోకి దూరే పని లేదు. ఇంత మంచిదైనా కంపెనీలు కదలలేదు. ఒక కంపెనీ మార్చి పక్క కంపెనీ మార్చకపోతే ఉపయోగం లేదన్నది వాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు. పైగా ఎవరికి తోచిన కొక్కేనికి వాళ్లు పేటెంటు తీసుకుంటుంటే అవి వేల సంఖ్యకు చేరాయి. కానీ అసలు సంగతి వేరే ఉందని నాకనిపిస్తుంది. కొత్త కప్లర్‌కు కంపెనీ డబ్బు పెట్టాలి. పోయిన వేలికి పెట్టనక్కర్లేదు.

అయోవా రాష్ట్రంలో లోరెంజో కాఫిన్ అని ఒక రైతు ఉండేవాడు. 1874లో ప్రయాణం చేస్తుండగా ఒక బ్రేక్‌మన్ పెట్టెలు తగిలిస్తూ వేళ్లు పోగొట్టుకోవడం కళ్లారా చూశాడు. రైల్వేతో ఏ సంబంధమూ లేని ఆ మనిషి అప్పటినుంచి దాదాపు ఇరవై ఏళ్లు పత్రికలకు ఉత్తరాలు రాశాడు, సభల్లో మాట్లాడాడు. 1883లో ఆ రాష్ట్ర రైల్వే కమిషనరయ్యాడు. 1887లో రైలు పెట్టెల కంపెనీల సంఘం జానీ నమూనాను ప్రామాణికంగా ఒప్పుకుంది. ఒప్పుకోవడం వరకే, అమర్చే బలవంతం ఏమీ లేదు. 1889లో అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ తన సందేశంలో, ఏడాదిలో 2,000 మందికి పైగా రైల్వే పనివాళ్లు చనిపోతున్నారని, 20,000 మందికి పైగా గాయపడుతున్నారని చెప్పి, యుద్ధంలో సైనికుడికి ఉన్నంత అపాయం కూలి చేసుకునేవాడికి ఉండటం సిగ్గుచేటన్నాడు. చివరికి 1893 మార్చి 2న భద్రతా పరికరాల చట్టం మీద సంతకం చేశాడు. గాలి బ్రేకులు, తాకగానే వాటంతటవే పడే కప్లర్లు, పట్టుకునే కడ్డీలు తప్పనిసరి అయ్యాయి. నాకు వీటికంటే ముఖ్యంగా తోచిన నిబంధన ఇంకొకటి ఉంది. కప్లర్ చట్టప్రకారం లేదని తెలిసి కూడా పనివాడు ఉద్యోగంలో కొనసాగితే, అపాయాన్ని తానే నెత్తికెత్తుకున్నట్టు లెక్కగట్టకూడదని అందులో రాశారు. ఫార్వెల్ తీర్పు నాటి తర్కానికి అది సూటిగా జవాబు.

కంపెనీలకు మొదట 1898 వరకు గడువిచ్చారు. తర్వాత 1900 ఆగస్టు 1 వరకు పొడిగించారు. ఫలితం అంకెల్లో కనబడుతుంది. పెట్టెలు తగిలించేటప్పుడు జరిగే ప్రమాదాలు 1892లో 11,000కు దగ్గరగా ఉంటే, 1902లో 2,000 పైచిలుకు. ఈ లోపల పనివాళ్ల సంఖ్య పెరిగిందే గాని తగ్గలేదు.

ఆ గడువు ముగిసిన నాలుగో రోజున, 1900 ఆగస్టు 5న, యూటా రాష్ట్రంలోని ప్రామంటరీ అనే ఊళ్లో జరిగింది చూడండి. 1869లో అమెరికా తూర్పు పడమరల రైలు మార్గాలు కలిసిన చోటే ఇది. పడమటి వైపు దారి వేసిన కూలీల్లో ఎక్కువమంది చైనా నుంచి వలస వచ్చినవాళ్లు. సదరన్ పసిఫిక్ కంపెనీ గూడ్సు బండిలో జాన్సన్ అనే బ్రేక్‌మన్‌ను, ఇంజను విడదీసి పక్క పట్టా మీదున్న భోజనం పెట్టెకు తగిలించమన్నారు. ఇంజనుకు ఉన్నది జానీ కప్లర్. పెట్టెకు ఉన్నది మిల్లర్ కొక్కేం. రెండూ వాటంతటవే పడే రకాలే. కానీ ఒకదానితో ఒకటి పడవు. చెయ్యక తప్పదు గనుక జాన్సన్ మధ్యలోకి దూరాడు. చెయ్యి నలిగి, మణికట్టు పైవరకు తీసేశారు.

కింది కోర్టులు రెండూ అతనికి ఏమీ రాదన్నాయి. ఇంజనుకూ కప్లర్ ఉంది, పెట్టెకూ ఉంది, చట్టం అడిగింది అంతే కదా అన్నాయి. పైగా చట్టంలో "పెట్టె" అని ఉంది, ఇంజను పెట్టె కాదన్నాయి. ఖాళీగా నిలబెట్టిన భోజనం పెట్టె రాష్ట్రాల మధ్య రవాణాలో ఉన్నట్టు కాదని కూడా అన్నాయి. 1904 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి మెల్విల్ ఫుల్లర్ ఇవన్నీ కొట్టేశాడు. మనిషి మధ్యలోకి వెళ్లే అవసరం లేకుండా చెయ్యడమే చట్టం ఉద్దేశం, ఒకదానితో ఒకటి పడని కప్లర్లు ఎన్ని ఉన్నా ఆ ఉద్దేశం తీరదని చెప్పి, కేసును మళ్లీ విచారించమన్నాడు.

జపాన్‌లో ఈ మార్పు ఇంకో రకంగా జరిగింది. ఏళ్ల తరబడి సిద్ధం చేసుకుని, 1925 జూలైలో ప్రధాన ద్వీపంలోని పెట్టెలకు ఒకే రోజున కొత్త కప్లర్లు వేశారు. మన దేశంలో అలా కాలేదు. రెండు పక్కలా బఫర్లు, మధ్యలో మరచుట్టు కొక్కేం ఉన్న పాత పద్ధతి పెట్టెల తయారీ పెరంబూరులో 2018 వరకు సాగింది. ఆ పెట్టెలను తగిలించాలన్నా విడదీయాలన్నా షంటింగ్ మనిషి బఫర్ల మధ్యకు పోవాల్సిందే. 2024 నవంబరులో బీహార్‌లోని బరౌనీ స్టేషన్లో ఇంజను విడదీస్తున్న ఉద్యోగి ఇంజనుకూ పెట్టెకూ మధ్య నలిగి చనిపోయాడు. ఆ ఫోటో చాలామంది ఫోన్లో చూసే ఉంటారు.

ఇక మన ట్రేలర్ల సంగతి. వీటి పుట్టుక కూడా అమెరికాలోనే. 1914లో డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి దగ్గరకు సిబ్లీ అనే కలప వ్యాపారి వచ్చి, తన పడవను చెరువు దాకా తీసుకుపోయే సాధనం కావాలన్నాడు. ఫ్రూహాఫ్ రెండు చక్రాల బండి చేసి ఫోర్డు కారు వెనక తగిలించాడు. అది బాగుందని సిబ్లీ కలపకు కూడా అలాంటివే చేయించుకున్నాడు. డ్రైవర్లు రోజూ అనే "ఫిఫ్త్ వీల్" మాట అంతకంటే పాతది. నాలుగు చక్రాల గుర్రబ్బండికి ముందు ఇరుసు తిరగడానికి అడ్డంగా పరిచిన ఇనప చట్రం ఐదో చక్రంలా ఉండేది. ఇప్పుడు ట్రాక్టర్ హెడ్ వెనకున్న గ్రీజు పళ్లేనికి ఆ పేరే మిగిలింది.

జాన్సన్‌కు ఎదురైన చిక్కు ఇక్కడ వేషం మార్చుకుని ఉంది. ఒకదానికొకటి పడని కొక్కేలు అతనికి కనీసం తగులుకోలేదు. ట్రేలర్లకు తగులుకున్నట్టే కనిపిస్తాయి, అది ఇంకా ప్రమాదం. చిన్న ట్రేలర్లకు వాడే బంతి కొక్కేల్లో 1 7/8 అంగుళాల బంతి మీద 2 అంగుళాల కప్పు చక్కగా కూర్చుంటుంది, గడియ కూడా పడుతుంది. గుంత తగిలినప్పుడు పైకి లేచి ఊడిపోతుంది. అందుకే సైజు బంతి మీదా కప్పు మీదా కొట్టి ఉంటుంది, చూసి తగిలించాలి. గొలుసులు రెండూ కాడి కింద ఒకదానిమీద ఒకటి అడ్డంగా పోయేలా కట్టాలి. ఊడినా కాడి రోడ్డు మీద పొడుచుకోకుండా ఆ గొలుసుల ఉయ్యాలలో పడుతుంది. పెద్ద ట్రేలర్లకు కింగ్‌పిన్ రెండంగుళాలది, మూడున్నర అంగుళాలది అని రెండు రకాలు. హెడ్ వెనక్కి పెట్టేటప్పుడు ట్రేలర్ ఎత్తు ఎక్కువగా ఉంటే పిన్ను దవడల్లో పడకుండా పైనే ఆగిపోతుంది. చప్పుడు విని పడిందనుకుంటారు. ట్రేలర్ కాళ్లు ఎత్తకముందే, ట్రేలర్ బ్రేకు వేసి ఉంచి, హెడ్‌ను చిన్న గేరులో మెల్లగా ముందుకు లాగి చూడాలి. తర్వాత ఇంజను ఆపి, దిగి, టార్చి వేసి పళ్లేనికీ ట్రేలర్‌కూ మధ్య సందు లేదని, దవడ పిన్ను చుట్టూ మూసుకుందని కంటితో చూడాలి. హెడ్ కదులుతున్నంతసేపూ హెల్పరు ఆ రెండింటి మధ్య ఉండకూడదు. టార్చి లేకపోతే కంపెనీని అడగండి, అడిగినట్టు కాగితం మీద ఉంచండి.