అయిదు కంప్యూటర్ల లెక్క

పాట వినబోయేవాణ్ణి ముందుగా "నీవెవరివి?" అని అడగడం సంగీత చరిత్రలో చాలా కొత్త ఆచారం. గ్రామఫోను ముల్లు ఎవరి పేరూ అడిగి ఎరగదు. రేడియోకు లైసెన్సు ఉండేది నిజమే (తపాలా కార్యాలయంలో రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకున్న పెద్దవాళ్ళు ఇంకా మన ఇళ్ళలో ఉన్నారు), కానీ ఆ లైసెన్సు పెట్టెకే తప్ప అందులోంచి వచ్చే పాటకు కాదు. పాటకూ వినేవాడికీ మధ్య ఒక ఖాతా, ఆ ఖాతాకొక సంకేతపదం వచ్చి కూర్చోవడం గత పాతికేళ్ళలో జరిగిన పని. నాకు తెలిసినంతలో ఆ కథ చెప్పాలని ఈ ప్రయత్నం. ఇందులో ఎక్కువ భాగం ఆపిల్ వారి ఐట్యూన్స్ ఖాతా గురించే ఉంటుంది. మిగతా దుకాణాలు ఎన్ని వచ్చి ఎన్ని పోయినా, 2003 నాటి ఆ ఖాతా పేరు మార్చుకుంటూ ఇప్పటికీ బతికే ఉంది కనుక.

సంకేతపదం మాత్రం సంగీతం కోసం పుట్టినది కాదు. 1960ల ఆరంభంలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బతో బృందం ఒకే కంప్యూటరును అనేకమంది పంచుకునే సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను తయారుచేసినప్పుడు, ఎవరి కాగితాలు వాళ్ళవిగా ఉండడానికి సంకేతపదం పెట్టారు. 1962లోనే అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన గంటలు చాలక, సంకేతపదాల పట్టిక మొత్తాన్ని అచ్చు తీయించుకున్నాడు! తాళం పుట్టిన కొన్నాళ్ళకే మారుతాళం కూడా పుట్టిందన్నమాట.

సంగీతానికి ఖాతా అన్న ఆలోచనను మొదట పెద్దయెత్తున ఆచరణలో పెట్టినది ఎంపీ3.కామ్ అని నా అభిప్రాయం. 2000 జనవరిలో వాళ్ళు మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. మీ దగ్గరున్న సీడీని ఒకసారి కంప్యూటరులో పెడితే, అది ఫలానా సీడీ అని వాళ్ళ సాఫ్టువేరు గుర్తుపట్టి మీ ఖాతాలో జమ చేస్తుంది. పాటలను మీరు ఎక్కించనక్కరలేదు. పదుల వేల సీడీలను కంపెనీ వాళ్ళే కొని, ముందుగానే ఎక్కించి పెట్టుకున్నారు. ఆ తరువాత ఎక్కడినుండి లోపలికి వెళ్ళినా మీ పాటలు మీకు వినిపిస్తాయి. ఖాతా అంటే ఇక్కడ సొంతదారు రుజువు. కానీ రికార్డు కంపెనీలు కోర్టుకెక్కాయి. వినేవాడు తన సీడీకి డబ్బు కట్టి ఉండవచ్చు గాని, ఆ పాటలకు నకలు తీసుకునే హక్కు మీకెవరిచ్చారన్నది వాళ్ళ వాదం. న్యూయార్కులో న్యాయమూర్తి జెడ్ రేకాఫ్ అదే సంవత్సరం కంపెనీలవైపే తీర్పిచ్చారు. ఒక్క యూనివర్సల్ సంస్థకే 5 కోట్ల 34 లక్షల డాలర్లు చెల్లించుకోవలసి వచ్చింది. తీర్పు చట్టప్రకారం సబబే కావచ్చు. అయినా సంగీతప్రియుడి పక్షాన నిలిచిన మొట్టమొదటి ఖాతా అలా పురిట్లోనే పోయిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

2001 చివరికి ఆ కంపెనీలే ప్రెస్‌ప్లే, మ్యూజిక్‌నెట్ అని తమ సొంత దుకాణాలు తెరిచాయి. నెలనెలా కట్టాలి, కట్టడం మానేస్తే దించుకున్న పాటలు కూడా మూగవోతాయి. జనం పెద్దగా ఆదరించలేదు. అప్పటికే నాప్‌స్టర్ రుచి మరిగినవాళ్ళు ఎందుకు ఆదరిస్తారు?

2003 ఏప్రిల్ 28న ఆపిల్ తన సంగీత దుకాణం తెరిచింది. రెండు లక్షల పాటలు, పాటకు 99 సెంట్లు. మొదటి వారంలోనే పది లక్షల పాటలు అమ్ముడయ్యాయి. దీని గుట్టంతా ఫెయిర్‌ప్లే అనే తాళంలో ఉంది. కొన్న పాట తాళం వేసిన పెట్టెలా కంప్యూటరుకు చేరుతుంది. ఆ పెట్టె చెవిని కూడా మరొక చిన్న పెట్టెలో పెట్టి, పాటతోనే పంపుతారు. ఆ చిన్న పెట్టెను తెరిచే చెవి మాత్రం మీ ఖాతాకు చెందినది, ఆపిల్ వారి దగ్గర భద్రంగా ఉంటుంది. మీరు మీ పేరూ సంకేతపదమూ ఇచ్చి "ఈ కంప్యూటరుకు అనుమతి ఇవ్వండి" అని కోరితే, కంప్యూటరు తన గుర్తింపును పంపుతుంది, అక్కడ ఒక లెక్క రాసుకుంటారు, చెవి ఇక్కడికి దిగుతుంది. ఆపైన అంతర్జాలం లేకపోయినా పాట పాడుతుంది. మొదట్లో మూడు కంప్యూటర్లకే అనుమతి. సరిగ్గా ఏడాదికి, 2004 ఏప్రిల్‌లో, దాన్ని అయిదు చేశారు. ఆ చేత్తోనే, ఒకే పాటల వరుసను సీడీలకు ఎక్కించుకునే పరిమితిని పది నుండి ఏడుకు తగ్గించారు! ఐపాడ్లకు మాత్రం లెక్క లేదు, ఎన్నయినా ఉండవచ్చు. ఎందుకు లేదో వ్యాపారం తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

ఈ అయిదు అన్న అంకె చూడ్డానికి ఉదారంగానే కనిపిస్తుంది. ఒక్క మనిషికి అయిదు కంప్యూటర్లు ఎందుకని అప్పట్లో అనుకున్నవాళ్ళున్నారు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, చచ్చిపోయిన కంప్యూటరు కూడా లెక్కలో బతికే ఉంటుంది. అమ్మే ముందు, ఎవరికైనా ఇచ్చే ముందు, మరమ్మతుకు పంపే ముందు, దాని ఎదుట కూర్చుని అనుమతిని వెనక్కి తీసుకోవాలి. విండోస్ కంప్యూటరులో మెమరీ మార్చే ముందు, విండోస్‌ను తిరిగి ఎక్కించే ముందు కూడా ఆ పని చేయమని ఆపిల్ చెప్పేది. లేకపోతే అదే యంత్రం కొత్తదానిలా కనిపించి, రెండో లెక్క పడే ప్రమాదం ఉంది. హార్డ్‌డిస్కు కూలిపోయే ముందు ఎవరికీ ఉత్తరం రాయదు కదా! అందుకని మొత్తం అనుమతులన్నిటినీ ఒక్కసారిగా రద్దుచేసే మీట ఒకటి ఖాతాలో పెట్టారు. దాన్ని ఏడాదికి ఒక్కసారే నొక్కనిస్తారు. మన గ్రామాల్లో రేషను కార్డునుండి పోయినవాళ్ళ పేరు తీయించడానికి తిరిగే తిరుగుళ్ళు తెలిసినవాళ్ళకు ఈ వ్యవహారం కొత్తగా అనిపించదు.

ఇంతకీ, చెవి దాచినవాడే దుకాణం కట్టేస్తే ఏమవుతుంది? దీనికి జవాబు 2008లో దొరికింది. మైక్రోసాఫ్ట్ 2004లో తన తాళం పద్ధతికి "ప్లేస్ ఫర్ ష్యూర్" అని, అంటే తప్పకుండా పాడుతుందని, పేరు పెట్టింది. 2006లో వాళ్ళే తెచ్చిన జూన్ పరికరంలో ఆ పాటలు పాడలేదు. అది చాలదన్నట్టు, ఎంఎస్ఎన్ మ్యూజిక్ దుకాణంలో కొన్న పాటలకు 2008 ఆగస్టు 31 తరువాత కొత్త చెవులు ఇవ్వబోమని ఆ ఏప్రిల్‌లో కొనుగోలుదార్లకు తెలిపింది. అంటే ఆనాటికి ఏ కంప్యూటరులో ఉంటే ఆ కంప్యూటరులోనే ఆ పాటల బతుకు. కొత్త కంప్యూటరు కొన్నా, విండోస్ మార్చినా అంతే సంగతులు. గొడవ పెరగడంతో జూన్‌లో వెనక్కి తగ్గి, 2011 చివరిదాకా నడుపుతామన్నారు. ఆ జూలైలోనే యాహూ తన సంగీత దుకాణాన్ని సెప్టెంబరు ఆఖరున మూసేస్తున్నామంది. తరువాత కొనుగోలుదార్లకు పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది. వాల్‌మార్ట్ కూడా అదే మాట అని, జనం తిట్టిపోశాక, మానుకుంది. ఇందులో ఎవరూ దొంగ పాటలు విన్నవాళ్ళు కారు. డబ్బు కట్టి, ఖాతా తెరిచి, నియమాలన్నీ పాటించినవాళ్ళు. ఏమీ కట్టనివాళ్ళ పాటలు ఏ సర్వరు ఆగినా ఆగలేదు. ఈ చరిత్ర మొత్తంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టే విషయం ఇదే.

ఆపిల్ ఈ గొడవలో పడకపోవడానికి కారణం అప్పటికే గాలి మారడం. 2007 ఫిబ్రవరిలో స్టీవ్ జాబ్స్ ఒక బహిరంగ లేఖ రాశాడు. అందులోని లెక్క ఆసక్తికరం. 2006 చివరికి 9 కోట్ల ఐపాడ్లు, 200 కోట్ల పాటలు అమ్ముడయ్యాయి, అంటే సగటున ఐపాడుకు 22 పాటలు. వెయ్యి పాటలు పట్టే పెట్టెలో మూడు శాతం కూడా కొన్నవి కావు, తక్కినవన్నీ తాళం లేనివే, మరి ఈ తాళం ఎవరిని కాపాడుతోందని ఆయన ప్రశ్న. ఐరోపాలో ప్రభుత్వాల ఒత్తిడి ఉన్నందువల్ల ఈ ప్రశ్న తోచిందని గిట్టనివాళ్ళన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నా, ప్రశ్న సరయినదే. ఆ మే నెలలో ఈఎంఐ పాటలు తాళం లేకుండా వచ్చాయి, కాకపోతే ధర 1.29 డాలర్లు. సెప్టెంబరులో అమెజాన్ తాళం లేని ఎంపీ3లు అమ్మడం మొదలుపెట్టింది. 2009 జనవరి 6న, దుకాణంలోని పాటలన్నిటికీ తాళం తీసేస్తున్నట్టు ఆపిల్ ప్రకటించింది. పాత పాటల తాళం తీయించుకోవాలంటే పాటకు 30 సెంట్లు అదనం.

తాళం పోయినా ఖాతా పోలేదు. ఆ కొత్త పాటల్లో కొన్నవాడి పేరూ, ఖాతా ఈమెయిలూ రాసి ఉన్నట్టు 2007లోనే కొందరు కనిపెట్టి అల్లరి చేశారు. నాకు మాత్రం ఇది చదివినప్పుడు కోపం కన్నా నవ్వు ఎక్కువ వచ్చింది. స్టీలు సామాను కొన్న రోజునే ఇంటిపేరుతో సహా పేరు కొట్టించుకునే జాతి మనది. పేరంటానికి వెళ్ళిన గిన్నె తిరిగి ఇంటికి చేరడానికి అంతకు మించిన ఉపాయం లేదు. తేడా అల్లా, అక్కడ పేరు కొట్టించేది గిన్నె సొంతదారు.

మన దేశానికి ఈ దుకాణం 2012 డిసెంబరులో గాని రాలేదు. అంతకు కొద్ది నెలల ముందు, ఫిబ్రవరిలో, ఫ్లిప్‌కార్ట్ ఫ్లైట్ పేరుతో తాళం లేని ఎంపీ3లు అమ్మడం మొదలుపెట్టి, 2013 జూన్‌లో మూసేసింది. అప్పటికే దించి దాచుకున్నవాళ్ళ పాటలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. దుకాణం పోయినా పాట మిగలడమెలాగో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

అమెరికాలో ఉండి తిరిగి హైదరాబాదు చేరిన మిత్రులకు ఇంకో రకం తిప్పలు తెలుసు. ఖాతాకు దేశం ఉంటుంది. దేశం మార్చాలంటే ఖాతాలో మిగిలిన చిల్లర సెంట్లతో సహా ఖర్చు పెట్టాలి, చందాలు రద్దు చేసుకోవాలి, కొత్త దేశపు కార్డు చూపాలి. అక్కడ కొన్నవి ఇక్కడ మళ్ళీ దించుకోవడానికి దొరకకపోవచ్చు గనుక, ముందే దించుకోమని కంపెనీయే హెచ్చరిస్తుంది. పోనీ రెండు దేశాలకు రెండు ఖాతాలు పెట్టుకుందామా అంటే, వాటిని కలిపే మార్గం ఏళ్ళ తరబడి లేదు. 2025 ఫిబ్రవరిలో ఒక ఖాతా కొనుగోళ్ళను మరో ఖాతాకు తరలించే సదుపాయం వచ్చింది. వచ్చేటప్పుడు దాన్ని ఐరోపా సమాజానికీ, బ్రిటనుకూ, భారతదేశానికీ ఇవ్వలేదు.

ఇక వారసత్వం మాట. మా నాన్నగారి ఘంటసాల రికార్డులు మా ఇంటికి వచ్చినప్పుడు వాటితోపాటు అట్టపెట్టె వాసన, ఒక రికార్డు మీద చిన్న పగులు, అట్టల మీద ఆయన చేతిరాత వచ్చాయి. సంకేతపదం ఏదని మమ్మల్నెవరూ అడగలేదు. నా ఖాతాలో ఉన్న పాటలు మా అమ్మాయికి అలా చేరవు. నటుడు బ్రూస్ విల్లిస్ తన పాటలు కూతుళ్ళకు దక్కాలని ఆపిల్ మీద దావా వేస్తున్నాడని 2012లో పత్రికలు కోడై కూశాయి. ఆయన భార్య అది నిజం కాదని తేల్చేసింది. వార్త అబద్ధమే గాని, అందరూ అంత తేలిగ్గా నమ్మడానికి కారణమైన భయం అబద్ధం కాదు. 2021 డిసెంబరులో ఆపిల్ వారసుణ్ణి నమోదుచేసే వీలు కల్పించింది. మనిషి పోయాక అతని ఫొటోలు, ఉత్తరాలు, రాసుకున్న కాగితాలు ఆ వారసుడికి తెరుచుకుంటాయి. కొన్న పాటలూ, సినిమాలూ, పుస్తకాలూ మాత్రం ఆ జాబితాలో లేవు. అవి సొత్తు కాదు, అనుమతి మాత్రమే. అనుమతి మనిషితోనే పోతుంది.

వాడిన పాటను తిరిగి అమ్ముకోవచ్చా అన్న ప్రశ్న కూడా కోర్టుకు వెళ్ళింది. ఐట్యూన్స్‌లో కొన్న పాటలను మారుబేరం చేయించే రీడిజి అనే కంపెనీ 2013లో ఓడిపోయింది, 2018 డిసెంబరులో అప్పీలులోనూ ఓడిపోయింది. పాత పుస్తకాల దుకాణంలో పుస్తకం చేతులు మారుతుంది, కంప్యూటరులో పాట చేతులు మారాలంటే నకలు పుట్టి తీరాలి, ఆ నకలుకు అనుమతి లేదు అని తీర్పు సారం. ఎంపీ3.కామ్‌ను ముంచినది కూడా ఈ నకలు అన్న మాటే. 2024లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. కొన్నవాడికి దక్కేది అనుమతి మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా, "కొనండి" అన్న మాట మీట మీద రాయరాదని. అది 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

ఐట్యూన్స్ అన్న సాఫ్టువేరు ఆపిల్ సొంత కంప్యూటర్లలో 2019లో అంతరించి మ్యూజిక్ అన్న పేరుతో మళ్ళీ పుట్టింది. 2024లో ఆపిల్ ఐడీ కాస్తా ఆపిల్ అకౌంట్ అయింది. మ్యూజిక్‌లో ఖాతా అన్న పట్టీ తెరిచి చూస్తే అనుమతుల వరుస ఇంకా అక్కడే ఉంటుంది, ఈ కంప్యూటరుకు అనుమతి ఇవ్వండి, వెనక్కి తీసుకోండి అని. 2009కి ముందు కొని, ముప్పై సెంట్లు కట్టకుండా వదిలేసిన పాట ఏదైనా మీ దగ్గర మిగిలి ఉంటే, కొత్త కంప్యూటరులో దాన్ని నొక్కి చూడండి. మీ పేరూ సంకేతపదమూ అడుగుతుంది. అయిదులో ఎన్నోదో లెక్క కూడా వేసుకుంటుంది.