గవర్నరుకు అందని అర్జీ

1948 ఫిబ్రవరి 28, శనివారం. అక్రా వీధుల్లో మాజీ సైనికులు వరసలు కట్టి నడుస్తున్నారు. చేతిలో ఆయుధాల్లేవు, ఒక అర్జీ ఉంది. యుద్ధానికి పంపేటప్పుడు ఇస్తామన్న పింఛన్లు, ఉద్యోగాలు ఏమయ్యాయని గవర్నరును అడగాలన్నది వాళ్ల ఉద్దేశం. ఆయనగారు ఉండేది సముద్రపు ఒడ్డున, క్రిస్టియన్స్‌బర్గ్ కోటలో. ఓసు కూడలి దగ్గర పోలీసులు అడ్డుపడ్డారు. వెనక్కి పొమ్మన్నా సైనికులు కదల్లేదు. కాల్చమని సూపరింటెండెంట్ కాలిన్ ఇమ్రే ఉత్తర్వు ఇచ్చాడు. పోలీసులకు చేతులు రాలేదు. పక్కవాడి తుపాకీ లాక్కుని తనే కాల్చాడు. సార్జెంట్ అజెటె, కార్పొరల్ అట్టిపో, ప్రైవేట్ ఒడార్టే లాంప్టే ప్రాణాలు పోయాయి.

అర్జీ గవర్నరు దాకా వెళ్లనేలేదు.

అప్పటి గోల్డ్ కోస్ట్ ఘనాగా మారిన కథను చాలామంది ఈ కూడలి నుంచే మొదలుపెడతారు. కానీ ఆ తుపాకీ పేలేనాటికే అక్కడ మందు దట్టించి ఉంది. దట్టించింది నాయకుల ఉపన్యాసాలు అనుకుంటే పొరపాటు. కోకో తోటల్లోనూ, గుడ్డల కొట్లలోనూ ఆ పని ఏళ్ల తరబడి జరిగింది.

కోకో ఆ నేల మొక్క కాదు. టెట్టే క్వార్షీ అనే కమ్మరి 1879లో ఫెర్నాండో పో దీవి నుంచి గింజలు తెచ్చి మాంపాంగ్‌లో నాటాడని అక్కడ చెప్పుకుంటారు. మూడు దశాబ్దాలు తిరిగేసరికి కోకో ఎగుమతిలో ప్రపంచంలో గోల్డ్ కోస్టే మొదటిది. కెన్యాలోలా ఇక్కడ తెల్లవాళ్లు భూములు ఆక్రమించి ఎస్టేట్లు వేయలేదు. పండించినవాళ్లు చిన్న రైతులే. కొనేవి మాత్రం యూరపు కంపెనీలు. 1937లో అవి కూడబలుక్కుని ధర దించితే రైతులు నెలల తరబడి పంట అమ్మకుండా బిగబట్టారు. యుద్ధం తర్వాత చెట్లకు కాండం ఉబ్బే తెగులు ముదిరింది. మందు లేదు, నరకడమొక్కటే దారి అన్నారు అధికారులు. శాస్త్రం ప్రకారం అది నిజమే. కానీ ఇంకా కాపు కాస్తున్న చెట్టును సర్కారు మనుషులొచ్చి నరికిపోతుంటే, ఏ రైతు శాస్త్రం వింటాడు?

పట్నాల్లో బాధ ఇంకోరకం. గుడ్డ, డబ్బా చేపలు, కిరసనాయిలు మండిపోతున్నాయి. దిగుమతి వ్యాపారమంతా పశ్చిమాఫ్రికా వర్తకుల సంఘం గుప్పిట్లో ఉండేది. ఆ సంఘం పొట్టిపేరు ‘అవామ్’. మోసానికి, నకిలీకి ఘనాలో ఇప్పటికీ ‘అవామ్’ అనే అంటారు. ఏ చరిత్ర పుస్తకమూ ఇంత క్లుప్తంగా తీర్పు చెప్పలేదు. 1948 జనవరి ఆఖరులో నీ క్వాబెనా బోన్నే అనే గా తెగ పెద్ద విదేశీ సరుకుల బహిష్కారానికి పిలుపిచ్చాడు. నెలరోజులు కొట్లు ఈగలు తోలుకున్నాయి. కంపెనీలు దిగొచ్చి లాభాన్ని 75 శాతం నుంచి 50 శాతానికి తగ్గించుకుంటామన్నాయి. ధరలే సగమవుతాయని జనం అర్థం చేసుకున్నారు. బహిష్కారం ముగిసిన రోజు కొట్లకు వెళ్లి చూస్తే తేడా అంతంతమాత్రం. ఆ రోజు ఫిబ్రవరి 28. కాల్పుల కబురు బజారుకు చేరింది కూడా ఆ పూటే.

కొట్లు తగలబడ్డాయి. అల్లర్లు వేరే ఊళ్లకు పాకాయి. సద్దుమణిగేసరికి 29 మంది చనిపోయారు.

ఆ సైనికుల గురించి ఇంకొక్క మాట. రెండో ప్రపంచ యుద్ధంలో గోల్డ్ కోస్ట్ నుంచి 60 వేలకు పైగా సైన్యంలో చేరారు. వాళ్లలో ఎందరో బర్మా అడవుల్లో జపాను సేనతో పోరాడారు. భారతదేశం మీదుగా వెళ్లారు, వచ్చారు. స్వరాజ్యం కోసం ఊగిపోతున్న దేశాన్ని కళ్లారా చూసినవాళ్లకు ఇంటికొచ్చాక పాత సలాములు కొట్టడం కష్టమే.

సర్కారు అల్లర్లకు బాధ్యులంటూ ఆరుగురు నాయకులను పట్టుకుపోయింది. నిజానికి ఆ ఊరేగింపు వాళ్లు నడిపింది కాదు. లాయరు జె.బి. డాంక్వా, అమెరికాలో చదివి రెండు నెలల కిందటే తిరిగొచ్చిన క్వామే ఎన్‌క్రుమా అందులో ఉన్నారు. అరెస్టుతో ఆరుగురూ రాత్రికి రాత్రి దేశనాయకులైపోయారు. డాంక్వా వర్గం వీలైనంత త్వరలో స్వపరిపాలన కావాలనేది. 1949 జూన్‌లో ఎన్‌క్రుమా విడిపోయి పెట్టిన పార్టీ ‘ఇప్పుడే’ కావాలంది. బజారులో సరుకులమ్ముకునే ఆడవాళ్లకు, ఏడో తరగతి చదివి పని దొరకని కుర్రాళ్లకు ఆ ఒక్క మాట పట్టుకుంది.

1950 జనవరిలో గాంధీ పద్ధతి నుంచి ప్రేరణ పొంది ఎన్‌క్రుమా సమ్మెలు, సహాయనిరాకరణ మొదలుపెట్టాడు. జైల్లో వేశారు. కాగితం ఇవ్వకపోతే మరుగుదొడ్డి కాగితం మీద పెన్సిలు ముక్కతో రాసి పార్టీకి ఆదేశాలు పంపాడు. ఇక్కడో తమాషా ఉంది. ఏడాది మించి శిక్షపడినవాడు ఓటరుగా ఉండకూడదన్నది నిబంధన. ఎన్‌క్రుమాకు పడింది మొత్తం మూడేళ్లు. అయితే ఏడాదికొకటి చొప్పున మూడు విడి శిక్షలు! ఆ సందులోంచి 1951 ఫిబ్రవరి ఎన్నికల్లో నిలబడి, అక్రాలో పోలైన 23,122 ఓట్లలో 22,780 తెచ్చుకున్నాడు. గవర్నరు ఆర్డెన్-క్లార్క్ తెలివైనవాడు. ఖైదీని విడుదల చేసి, ప్రభుత్వం నడపమన్నాడు. అప్పటినుంచి ‘జైలు పట్టభద్రుడు’ అన్న అక్షరాలు కుట్టిన టోపీ పార్టీవాళ్లకు గర్వకారణమైంది.

తర్వాతి ఆరేళ్లు మన 1937 నాటి కాంగ్రెసు మంత్రివర్గాలను గుర్తుచేస్తాయి: కుర్చీ మనది, తాళంచెవులు వాళ్లవి. కోకోకు ప్రభుత్వమిచ్చే ధర చాలదని అషాంటి ప్రాంతం ఎదురు తిరిగింది. 1956లో మళ్లీ ఎన్నికలు జరిగి, ఎన్‌క్రుమా పార్టీ 104 స్థానాల్లో 71 గెలిచాక లండన్ ముహూర్తం ఒప్పుకుంది. 1957 మార్చి 6. 1844లో సరిగ్గా అదే తేదీన ఫాంటే తెగ పెద్దలు బ్రిటిష్‌వాళ్ల అధికారాన్ని ఒప్పుకుంటూ పత్రం మీద సంతకాలు పెట్టారు.

5వ తేదీ అర్ధరాత్రి అక్రాలో దొరలు పోలో ఆడుకునే మైదానంలో ఎన్‌క్రుమా ఆ జైలు టోపీతోనే వేదికెక్కాడు. ఆఫ్రికా మొత్తం విముక్తి కాకపోతే తమ స్వాతంత్ర్యానికి అర్థం లేదన్నాడు. అన్నమాట ప్రకారం మరుసటి ఏడాది అక్రాకు ఖండం నలుమూలల ఉద్యమకారులను పిలిపించాడు. కాంగో నుంచి లుముంబా కూడా వచ్చాడు. 1960 ఒక్క ఏడాదిలోనే 17 ఆఫ్రికా దేశాలు స్వతంత్రమయ్యాయి.

ఘనాలో మాత్రం 1958లోనే విచారణ లేకుండా నిర్బంధించే చట్టం వచ్చింది. ఒకప్పుడు ఎన్‌క్రుమాతో కలిసి అరెస్టయిన డాంక్వా, 1965లో ఎన్‌క్రుమా ప్రభుత్వపు జైల్లోనే కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడాది సైన్యం ఎన్‌క్రుమాను గద్దె దించింది. అధికారంలో ఉండగా ఆయన కొన్నాళ్లు కొలువు తీరినది క్రిస్టియన్స్‌బర్గ్ కోటలోనే. 1948లో అర్జీ పట్టుకుని సైనికులు బయల్దేరింది ఆ కోటకే. ఓసు కూడలిలో ఏటా ఫిబ్రవరి 28న ఆ ముగ్గురికీ పూలదండలు వేస్తారు.