వారెంటు

పాత ఫ్రెంచిలో ‘వారంట్’ అంటే కాపాడేవాడు. ఫ్రిజ్‌తో వచ్చే వారంటీ, బ్యాంకు అడిగే గ్యారంటీ ఈ మాటకు చుట్టాలే. మన దగ్గర మాత్రం ‘ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంటు) పడింది’ అంటే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

గుంటూరు కోర్టు ఇచ్చిన వారెంటుతో మనిషిని చెన్నైలో పట్టుకోవచ్చు. అందుకు గవర్నర్ల సంతకాలు అక్కర్లేదు. ఆ తంతు అమెరికా రాష్ట్రాలది. ఇక్కడ వారెంటు దేశమంతా చెల్లుతుంది. అయితే ఇంత దూరాన పట్టుకుంటే నేరుగా రైలెక్కించడం కుదరదు. వారెంటిచ్చిన కోర్టు 30 కిలోమీటర్లలోపు లేకపోతే ముందు అక్కడి మేజిస్ట్రేటు ముందో, జిల్లా ఎస్పీ లేదా పోలీసు కమిషనరు ముందో హాజరుపరచాలి. అరెస్టయిన మనిషిని కోర్టులో హాజరుపరచడానికి ఉన్న 24 గంటల గడువులో ప్రయాణ సమయాన్ని లెక్కించరు. పోలీసులకు ఇదో వెసులుబాటు. మనిషి అప్పటికే వేరే కేసులో అక్కడి జైల్లో ఉంటే కావలసింది ఖైదీని ఆ జైలు నుంచి తమ కోర్టుకు రప్పించే ‘పీటీ వారెంటు’.