అగరు చెట్టు – పోకతోట

సాయంసంధ్యవేళ మన యిండ్లలో వెలిగించు అగరుబత్తికి ఆ పేరు అగరు వృక్షమువలన వచ్చినది. నేటి బత్తులలో నిజమైన అగరు మిక్కిలి అరుదు. పేరు మాత్రము నిలిచినది. ఆ వృక్షమునకు ప్రసిద్ధమైన పుట్టినిల్లు అస్సాము. రఘుమహారాజు లౌహిత్యనదిని, అనగా బ్రహ్మపుత్రను, దాటినంతనే ఆయన యేనుగులను గట్టిన కాలాగరు వృక్షములతోపాటు ప్రాగ్జ్యోతిషరాజును గడగడ వణకెనని కాళిదాసు రఘువంశము నాల్గవ సర్గలో వర్ణించెను. యేనుగులను గట్టదగిన మహావృక్షములు ఆ కాలమున అచట నుండెనన్నమాట!

గ్రంథాలయాభిమానులకు ఈ చెట్టుతో వేరొక బంధుత్వము కలదు. 7వ శతాబ్దిలో కామరూపాధిపతి భాస్కరవర్మ హంసవేగుడను దూతచే హర్షునకు పంపిన కానుకలలో అగరుపట్టతో గూర్చిన పుస్తకములుండెనని బాణుడు హర్షచరిత్రమున చెప్పినాడు. మనకు తాటియాకెట్టిదో అస్సామువారికి ఈ పట్ట యట్టిది. వారు చెట్టును సాంచి యనియు, వ్రాతపట్టను సాంచిపాత్ అనియు పిలుతురు. పట్టను ఎండబెట్టి, మినుపపిండిముద్ద పూసి, పురుగు పట్టకుండ అరిదళము రాచి, నున్నగా మెరుగుపెట్టిన పిమ్మట దానిపై వ్రాసెడివారు.

ఇక పరిమళము సంగతి. ఆరోగ్యముగా నున్న అగరుకఱ్ఱ తెల్లగా, తేలికగా నుండును; దానికి వాసన లేదు. పురుగు తొలిచిన గాయమున బూజు చేరినప్పుడు, చెట్టు తన్ను తాను కాచుకొనుటకై జిగురును స్రవించును. ఆ జిగురు నిండి నల్లబడిన చేవయే అగరు. ఏ చెట్టులో నది కలదో పైకి నిశ్చయముగా తెలియదు. కావున ఒక చెట్టు కొఱకు ఎన్నియో వట్టి చెట్లు గొడ్డలిపాలయినవి. 1995 నుండి అంతర్జాతీయ ఒడంబడిక దీని వ్యాపారమును అదుపులోనికి తెచ్చినను, 2018 నాటికి ఈ జాతి అత్యంతాపాయస్థితిలో నున్నట్లు పరిగణింపబడినది.

అడవిలో తఱిగిన చెట్టు పెరటిలో బ్రదికినది. గోలాఘాట్, జోర్హాట్, శివసాగర్ ప్రాంతముల రైతులు పోకచెట్ల నడుమ, తమలపాకు, మిరియపు తీగల చెంత, తేయాకు మళ్ళ గట్లపై దీనిని పెంచుచున్నారు. దీని గింజ రాలిన కొద్దిదినములకే మొలకెత్తు శక్తిని కోల్పోవును. దూరమునకు పంపుట కష్టము. తోటలో తల్లిచెట్టుండిన చాలు, మొలకలు దాని క్రిందనే లేచును. లేత మొక్కకు కావలసిన నీడ పోకచెట్ల వలన లభించును. పోకలు, ఆకులు ఏటేట రొక్కము తెచ్చుచుండగా, రైతునకు అగరు చెట్టును తొందరపడి నఱకవలసిన పని లేదు. ఇదియే ఈ పద్ధతిలోని కీలకము. ఒంటిపంటగా దట్టముగా నాటినచో ఆకుతిను గొంగళ్ళు తోట నంతటిని మోడు చేయు భయము కలదు.

కొందఱు చెట్టునకు తూట్లు పొడిచి బూజును ఎక్కించుచున్నారు. పెక్కుమంది మాత్రము పురుగు రాకకై వేచియుందురు. ఇతర తోటలలో పురుగు కనబడిన రైతు గుండెలు బాదుకొనును. ఇచట బేరగాడు వచ్చి, బోదెపై పురుగు తొలిచిన గుర్తులను వెదకి, వెల కట్టును.